తాతయ్య, నానమ్మల విటమిన్ బిళ్ళలు: లెక్క ఎవరు చూస్తున్నారు?



సాయంత్రం బడి వదిలే వేళకు గేటు దగ్గర ఒక్కసారి చూడండి. పిల్లల కోసం ఎదురుచూసేవారిలో తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలు చాలామందే ఉంటారు. బెల్లు కొట్టేదాకా వాళ్ళ మాటలన్నీ మోకాళ్ళ నొప్పులు, నీరసం, అరికాళ్ళ తిమ్మిర్ల గురించే. "మా అబ్బాయి అమెరికా నుంచి పంపాడు, ఈ బిళ్ళ వేసుకోండి, మీకూ బాగుంటుంది" అని ఒకరు అంటారు. మర్నాటికి ఆ పేరు చీటీ మీద రాసుకుని ఇంకొకరు మందుల షాపు దగ్గర ఉంటారు. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. విటమినే కదా!

ఈ నెల పాఠం ఆ మాట గురించే. విటమిన్ బిళ్ళ కూడా మందే. దానికీ ఒక కారణం, ఒక మోతాదు, ఆపే తేదీ ఉండాలి.

మా ఇంట్లో జరిగింది

నేను పిల్లలకు సైన్స్ చెబుతాను. అయినా ఈ పాఠం మా ఇంట్లోనే ఆలస్యంగా నేర్చుకున్నాను. రెండేళ్ళ క్రితం మా అమ్మగారికి రక్త పరీక్షలో విటమిన్ డి బాగా తక్కువని తేలింది. డాక్టరుగారు 60,000 యూనిట్ల క్యాప్సూళ్ళు వారానికి ఒకటి చొప్పున ఎనిమిది వారాలకు రాశారు. ఆ రాత ఇంగ్లిష్‌లో, పొడి అక్షరాల్లో ఉంది. షాపువాళ్ళు స్ట్రిప్ చేతికిచ్చి "రోజూ అన్నం తిన్నాక" అన్నారు. ఆవిడ అలాగే వేసుకున్నారు.

తొమ్మిదో రోజు ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఖాళీ స్ట్రిప్ చూసి, "నానమ్మా, ఎనిమిది వారాలవి ఎనిమిది రోజుల్లో ఎలా అయిపోయాయి?" అని అడిగింది. అప్పటికే ఆవిడ రెండో స్ట్రిప్ తెమ్మని డబ్బులు తీసి పెట్టుకున్నారు. వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. రక్తంలో కాల్షియం, మూత్రపిండాల పరీక్షలు చేయించారు. అదృష్టం బాగుండి రెండూ సరిగానే ఉన్నాయి. ఆ అమ్మాయి అడగకపోయి ఉంటే ఆవిడ నెలల తరబడి అలాగే వేసుకునేవారు.

ఇందులో ఎవరి తప్పెంత అన్నది ఇప్పుడు అవసరం లేదు. ఇంట్లో నలుగురం చదువుకున్నవాళ్ళం ఉన్నాం, ఒక్కరం కూడా ఆ స్ట్రిప్ వెనక్కి తిప్పి చూడలేదు.

నీళ్ళలో కరిగేవి, కొవ్వులో కరిగేవి

ఐదో తరగతి పిల్లలకు చెప్పే పాఠమే ఇది. బి గుంపు విటమిన్లు, విటమిన్ సి నీళ్ళలో కరుగుతాయి. ఎక్కువైన దానిలో చాలా భాగం మూత్రంలో పోతుంది. ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో కరుగుతాయి. ఇవి ఒంట్లో నిల్వ ఉంటాయి. ముఖ్యంగా ఎ, డి విటమిన్లు అతిగా పేరుకుంటే హాని చేస్తాయి.

అలాగని నీళ్ళలో కరిగేవన్నీ ఎంతైనా వేసుకోవచ్చని కాదు. పెద్ద మోతాదులో విటమిన్ సి కొందరిలో మూత్రపిండాల్లో రాళ్ళకు దారి తీస్తుంది. నరాల బలానికని అమ్మే చాలా బిళ్ళల్లో బి6 ఉంటుంది. అది ఎక్కువ మోతాదులో నెలల తరబడి పడితే నరాలే దెబ్బతిని కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. అంటే ఏ తిమ్మిరి తగ్గాలని బిళ్ళ మొదలుపెట్టామో, ఆ తిమ్మిరినే ఆ బిళ్ళ తేగలదు!

బి12: పెద్దవాళ్ళలో తప్పక చూడవలసింది

మనిషికి రోజుకు కావలసిన బి12 రెండున్నర మైక్రోగ్రాముల లోపే. అంత కొంచెమే అయినా అది లేకపోతే రక్తం సరిగా తయారుకాదు, నరాల పైపొర దెబ్బతింటుంది. ఇది సహజంగా దొరికేది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండదు. పులిసిన ఇడ్లీ పిండిలో, స్పిరులినాలో ఉంటుందని కొందరు చెబుతారు కానీ వాటిని నమ్ముకోలేం. శాకాహారులు, అందులోనూ పాలు, పెరుగు అంతగా తీసుకోనివారు జాగ్రత్తగా ఉండాలి.

పెద్ద వయసులో ఇంకో చిక్కు ఉంది. ఆహారంలోని బి12 విడివడడానికి కడుపులో ఆమ్లం కావాలి. పేగుల్లోకి ఇంకడానికి కడుపు గోడలు తయారుచేసే ఒక ప్రొటీన్ తోడు కావాలి. వయసు పెరిగేకొద్దీ చాలామందిలో ఆమ్లం తగ్గుతుంది. గ్యాస్ బిళ్ళలు, అంటే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి ఏళ్ళ తరబడి వాడితే ఆ ఆమ్లం ఇంకా తగ్గుతుంది. షుగర్ వ్యాధికి వాడే మెట్‌ఫార్మిన్ కూడా దీర్ఘకాలంలో బి12ను తగ్గిస్తుంది. ఇప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళను తలచుకోండి. షుగర్ బిళ్ళ, పొద్దున్నే గ్యాస్ బిళ్ళ, పైగా శాకాహారం. ఈ మూడూ ఒక్కరిలోనే ఉండడం మన ఇళ్ళల్లో అరుదేమీ కాదు.

కాలేయంలో బి12 కొన్నేళ్ళకు సరిపడా నిల్వ ఉంటుంది. కాబట్టి లోపం మెల్లగా వస్తుంది. అరికాళ్ళలో మంటలు, తిమ్మిర్లు, నడకలో తూలడం, నాలుక ఎర్రగా నున్నగా మారడం, నీరసం, మతిమరుపు. ఇవన్నీ చూసి మనం "వయసు మీద పడింది" అని సరిపెట్టుకుంటాం. మతిమరుపు మొదలైతే వృద్ధాప్యమేనని తీర్మానించేముందు బి12 పరీక్ష ఒకటి చేయించండి. కారణం అదే అయితే తొందరగా పట్టుకున్నప్పుడు చాలావరకు నయమవుతుంది. నరాల దెబ్బ పాతబడితే పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

లోపం తేలితే డాక్టర్లు ఇంజెక్షన్లు ఇస్తారు, లేదా రోజుకు 1,000 మైక్రోగ్రాముల బిళ్ళలు రాస్తారు. అవసరం రెండున్నరే అయితే వెయ్యి ఎందుకని మీకు సందేహం రావచ్చు. ఆ ప్రొటీన్ తోడు లేకపోయినా, పెద్ద మోతాదులో సుమారు నూటికి ఒక వంతు దానంతటదే పేగుల్లోకి ఇంకుతుంది. వెయ్యిలో ఒక శాతం అంటే పది మైక్రోగ్రాములు. రోజు అవసరానికి నాలుగు రెట్లు. ఈ లెక్క మీ పిల్లల చేతే చేయించండి.

ఫోలిక్ ఆమ్లం, మన భీమవరం శాస్త్రవేత్త

బి12కు జంటగా చెప్పుకోవలసింది ఫోలిక్ ఆమ్లం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీ పిల్లలకు తప్పక చెప్పండి. ఆయన సోదరుడు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గి మనిషి కృశించిపోయే జబ్బు అది. తర్వాత అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అదే మందయింది.

ఆ విజయం వెనుకే ఒక హెచ్చరిక కూడా బయటపడింది. బి12 లోపం ఉన్నవారికి ఒక్క ఫోలిక్ ఆమ్లమే ఎక్కువగా ఇస్తే రక్తం మెరుగుపడుతుంది. మొహంలో కళ వస్తుంది, రిపోర్టులో హిమోగ్లోబిన్ పెరుగుతుంది. లోపల నరాల నష్టం మాత్రం ఆగదు. అందుకే "రక్తం తక్కువగా ఉంది" అనగానే షాపులో ఐరన్, ఫోలిక్ బిళ్ళలు కొని తేవద్దు. ఏది తక్కువైందో ముందు తేలాలి. పెద్దవాళ్ళలో ఐరన్ తగ్గిందంటే కడుపులో, పేగుల్లో ఎక్కడైనా రక్తం పోతోందేమో కూడా డాక్టరు చూడవలసి ఉంటుంది. బిళ్ళలు వేసుకుంటూ కూర్చుంటే అసలు జబ్బు దాగిపోతుంది.

విటమిన్ డి, కాల్షియం: ఎముకల లెక్క

ఎండ బాగా కాసే మన ఊళ్ళలోనూ విటమిన్ డి లోపం ఉంటుంది. వయసు పెరిగిన చర్మం ఎండలో ఈ విటమిన్‌ను మునుపటిలా తయారుచేయలేదు. పైగా పెద్దవాళ్ళు ఫ్లాట్లలో ఉండిపోతారు. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ ఇందుకు పనికిరాదు, కావలసిన కిరణాలను అద్దం ఆపేస్తుంది.

మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ, ఐ.సి.ఎం.ఆర్. కలిసి 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం అరవై దాటినవారికి రోజుకు 800 యూనిట్ల విటమిన్ డి, 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 60,000 యూనిట్ల క్యాప్సూల్ ఒక్కటి 75 రోజుల అవసరానికి సమానం. మా అమ్మగారు ఎనిమిది రోజుల్లో వేసుకున్నవి 4,80,000 యూనిట్లు. అంటే 600 రోజుల సరుకు.

ఎక్కువ వేస్తే ఎముకలు ఇంకా గట్టిపడతాయని కూడా అనుకోవద్దు. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన 2,256 మంది స్త్రీల మీద చేసిన పరిశోధన 2010లో వెలువడింది. సగం మందికి ఏడాదికి ఒక్కసారి 5,00,000 యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. మిగతావారికి ఉత్త బిళ్ళలు ఇచ్చారు. విటమిన్ తీసుకున్నవారే ఎక్కువసార్లు పడ్డారు, వారికే ఎముకలు ఎక్కువగా విరిగాయి. లోపం తేలినవారికి డాక్టరు వారాల మీద పంచి ఇవ్వడం వేరు, మంచిదే కదా అని ఒక్కసారిగా పోసేయడం వేరు.

విటమిన్ డి అతిగా చేరితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, అయోమయం దాని గుర్తులు. మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. పెద్ద మోతాదు వాడేవారిలో ఇవి కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.

కాల్షియం విషయంలో ముందు కంచం చూడండి. రాగి పిండి వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. గ్లాసు పాలలో 240 దాకా వస్తుంది. రాగి జావ, రెండు పూటలా పెరుగు, నువ్వుల పొడి, కొన్ని ఆకుకూరలు ఉంటే సగం పైన అక్కడే పూర్తవుతుంది. మిగిలినదానికే బిళ్ళ. ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించి వేసుకుంటే సరిగా ఇంకదు. కాల్షియం కార్బొనేట్ రకం అయితే తిండితో పాటు వేసుకోవాలి.

అన్నీ కలిపిన బిళ్ళ సంగతి

ఏ లోపమూ లేనివారు ముందుజాగ్రత్తగా విటమిన్లు వేసుకుంటే ఏమవుతుంది? దీని మీద పెద్ద పరిశోధనలే జరిగాయి. అమెరికాలో యాభై దాటిన 25,871 మందికి ఐదేళ్ళకు పైగా రోజూ 2,000 యూనిట్ల విటమిన్ డి లేదా ఉత్త బిళ్ళ ఇచ్చి చూశారు. విటమిన్ తీసుకున్నవారికి క్యాన్సర్లు, గుండెపోట్లు తక్కువగా రాలేదని 2018లో, ఎముకలు తక్కువగా విరగలేదని 2022లో ప్రకటించారు.

ఫిన్లాండ్‌లో పొగ తాగే 29,133 మంది మగవారి మీద చేసిన పరిశోధన ఇంకా ఆశ్చర్యకరం. విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్ బిళ్ళలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. క్యారెట్‌లో ఉన్నప్పుడు మేలు చేసేది, బిళ్ళగా పెద్ద మోతాదులో వేరుగా పనిచేసింది. మీ ఇంట్లో తాతయ్య బీడీ, చుట్ట, సిగరెట్ తాగేవారైతే ఈ సంగతి గుర్తుంచుకోండి.

మామూలు మోతాదు మల్టీ విటమిన్ చాలామందికి హాని చేయదు. అమెరికాలో పెద్దవాళ్ళ మీద ఇటీవల జరిగిన కొన్ని పరిశోధనల్లో జ్ఞాపకశక్తికి స్వల్పంగా మేలు కనిపించింది కూడా. కాబట్టి తిండి సరిగా తినలేనివారికి డాక్టరు రాస్తే తప్పకుండా వాడండి. మంచి తిండికి మాత్రం అది బదులు కాదు.

బిళ్ళకూ బిళ్ళకూ పడనిచోట

పెద్దవాళ్ళ ఒంట్లోకి విటమిన్ ఒంటరిగా వెళ్ళదు. అప్పటికే నాలుగైదు మందులు ఉంటాయి. ఇవి గుర్తుంచుకోండి.

థైరాయిడ్ బిళ్ళ: పరగడుపున వేసుకున్నాక కాల్షియం, ఐరన్ బిళ్ళలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. లేదంటే థైరాయిడ్ మందు ఒంటికి అందదు.

రక్తం పలుచబడే మందులు: వార్ఫరిన్, అసెనోకుమరాల్ వాడేవారికి విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. కె ఉన్న మల్టీ విటమిన్ కొత్తగా మొదలుపెట్టినా, ఆకుకూరలు ఉన్నట్టుండి పెంచినా, మానేసినా తేడా వస్తుంది. విటమిన్ ఇ పెద్ద మోతాదు రక్తస్రావం పెంచవచ్చు.

ఐరన్: కాల్షియంతో కలిపి వేసుకోవద్దు. టీ, కాఫీలతో అసలే వద్దు.

యాంటీబయాటిక్స్: సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటివి కాల్షియం, ఐరన్‌తో కలిస్తే సరిగా ఇంకవు.

బయోటిన్: జుట్టు ఊడకుండా వాడే బిళ్ళల్లో ఉంటుంది. థైరాయిడ్ పరీక్ష, గుండెపోటును పసిగట్టే రక్త పరీక్ష తప్పుగా రావడానికి కారణం కావచ్చు. పరీక్షకు ముందు ల్యాబ్‌లో, డాక్టరుకు తప్పక చెప్పండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఏ విటమిన్ అయినా, ప్రొటీన్ పొడి అయినా డాక్టరును అడగకుండా మొదలుపెట్టవద్దు.

డబ్బా మీద రాత కూడా చూడండి. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరు ఉండి, "హెల్త్ సప్లిమెంట్", "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ఉంటే చట్టం ప్రకారం అది ఆహార పదార్థాల కోవలోనిదే. జబ్బు నయం చేస్తుందని ఎవరు చెప్పినా నమ్మవద్దు.

ఈ నెల ఇంటిపని: పళ్ళెం, పెన్ను, పావుగంట

ఈ ఆదివారం ఇది చేయండి. ఆరో తరగతి దాటిన పిల్లలను రాతపనికి కూర్చోబెట్టండి. బిళ్ళలు ముట్టుకునేది మాత్రం పెద్దవాళ్ళే.

1. ఇంట్లో పెద్దవాళ్ళు వాడే ప్రతి స్ట్రిప్, సీసా, పొడి డబ్బా, ఆయుర్వేద మందు, అమెరికా నుంచి వచ్చినవి, అన్నీ ఒక పెద్ద పళ్ళెంలో పెట్టండి. దిండు కింద, పర్సులో, దేవుడి గూట్లో ఉన్నవి కూడా.

2. ఒక కాగితం మీద ఆరు గడులు గీయండి: పేరు, అందులో ఏముంది, ఎంత, ఎవరు చెప్పారు, ఎందుకు, ఎప్పటిదాకా.

3. ఒకే విటమిన్ ఎన్నిచోట్ల ఉందో కలపండి. ఉదాహరణకు కాల్షియం బిళ్ళలో 250 యూనిట్ల విటమిన్ డి ఉండి, అవి రోజుకు రెండు వేసుకుంటే 500. మల్టీ విటమిన్‌లో 400. వారానికి ఒక 60,000 క్యాప్సూల్ అంటే రోజుకు సుమారు 8,571. మొత్తం 9,471. డాక్టరుకు ఈ మొత్తం తెలుసా?

4. "ఎవరు చెప్పారు", "ఎప్పటిదాకా" గడులు ఖాళీగా మిగిలినవాటికి చుట్టూ గీత గీయండి. ఈసారి డాక్టరును అడగవలసినవి అవే. రాసిచ్చిన మందును మీ అంతట మీరు ఆపేయవద్దు, అడిగి ఆపండి.

5. వారానికి ఒకసారి వేసుకునే బిళ్ళ ఉంటే, ఒక వారం ఎంచుకుని క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో గుర్తు పెట్టండి. స్ట్రిప్ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో "ఆదివారం మాత్రమే" అని రాయండి.

6. గడువు తీరినవి తీసేయండి. ఐరన్ బిళ్ళలు పసిపిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. చాక్లెట్లా కనిపించే ఆ బిళ్ళలు కొన్ని మింగితే చాలు, చిన్నపిల్లల ప్రాణానికే ముప్పు.

ఈ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందు అది చూపించండి.

ఇంకొక్క మాట. ఈ పని పోలీసు తనిఖీలా చేయవద్దు. "ఇవన్నీ ఎందుకు మింగుతున్నావమ్మా" అని గద్దిస్తే మరుసటి వారం నుంచి బిళ్ళలు దాచుకుంటారు. చాలామంది పెద్దవాళ్ళు పిల్లలకు భారం కాకూడదనే, మనవల వెంట నడవగలగాలనే ఆ బిళ్ళలు కొనుక్కుంటారు. పక్కన కూర్చుని, కళ్ళజోడు తెచ్చిచ్చి, ఒక్కొక్కటి చదివి వినిపించండి.

మా అమ్మగారి స్ట్రిప్ మీద ఇప్పుడు మా అమ్మాయి చేతిరాత ఉంటుంది. ఆవిడ దాన్ని చూసుకునే వేసుకుంటారు.